ఓడినవాడు చెప్పిన తీర్పు

ఆరు వందల ఏళ్ల కిందట ఇటలీలోని ఫ్లోరెన్స్ నగరంలో ఇద్దరు స్నేహితుల మధ్య ఒక కొయ్య శిల్పం విషయంలో పంతం వచ్చింది. బహుమతి లేదు, న్యాయనిర్ణేతల బల్ల లేదు, చప్పట్లు కొట్టే జనం లేరు. అయినా అంత న్యాయంగా జరిగిన పోటీ చరిత్రలో అరుదు. జార్జో వసారి రాసిన శిల్పుల, చిత్రకారుల జీవిత చరిత్రల ఆధారంగా ఆ గాథ ఇది.

శిలువ మీది క్రీస్తు ప్రతిమ పూర్తయింది. నిలువెత్తు మనిషంత ఉంది. బేరిచెట్టు కలపలో చెక్కి, రంగులు వేసిన బొమ్మ. దాని కోసం దొనతెల్లో అనే శిల్పి పడిన శ్రమ ఇంతా అంతా కాదు. మహత్తరమైన పని చేశానన్న నమ్మకం అతనికి గట్టిగా ఉంది. అప్పటికి ఇరవై దాటి ఒకటి రెండేళ్లయిన కుర్రవాడు. ఆ వయసులో అంత పని చేసినవాడికి ఎవరో ఒకరి నోట బాగుందన్న మాట వినాలని ఉంటుంది. అందుకు అతను ఎంచుకున్న మనిషి ఫిలిప్పో బ్రూనెల్లెస్కీ. తనకంటే తొమ్మిదేళ్లు పెద్ద. స్వర్ణకారుడిగా పని నేర్చిన శిల్పి. అన్నిటికీ మించి, ఆప్తమిత్రుడు.

ఫిలిప్పో వచ్చి చూశాడు. దొనతెల్లో ముందే ఎంతో గొప్పగా చెప్పడంతో ఏదో అద్భుతం చూడబోతున్నాననుకున్నాడు. చూశాక చిన్నగా నవ్వి ఊరుకున్నాడు.

ఆ నవ్వు దొనతెల్లోకు గుచ్చుకుంది. మన స్నేహం మీద ఒట్టు, మనసులో ఉన్నదేమిటో చెప్పి తీరాలని పట్టుబట్టాడు. ఫిలిప్పోకు ఉన్నది దాచుకునే అలవాటు లేదు. చెప్పేశాడు. క్రీస్తు దేహం అంటే సుకుమారంగా, ఏ అంగానికి ఆ అంగం లోపం లేకుండా ఉండాలనీ, తన కంటికి మాత్రం శిలువ మీద ఎవరో పల్లెటూరి రైతు కనిపిస్తున్నాడనీ ఆ మాటల సారం.

మెప్పు కోసం ఎదురుచూసినవాడికి మొహాన చన్నీళ్లు కొట్టినట్టయింది. వంకలు పెట్టడం సులువే, చెయ్యడం దగ్గరే ఉంది కష్టమంతా, చేతనైతే నువ్వూ ఒక కొయ్య తెచ్చుకుని చెక్కి చూపించు అని దొనతెల్లో ఎదురు సవాలు విసిరాడు.

ఇలాంటి చోట మాటకు మాట పెరుగుతుంది. నీకేం తెలుసు అంటే నీకేం తెలుసు అనుకుంటారు. ఉన్న స్నేహం కాస్తా పోతుంది. ఫిలిప్పో మాత్రం మారు మాట్లాడలేదు. నేరుగా ఇంటికి వెళ్లిపోయాడు.

అంతకుముందు జరిగిన పోటీ

ఫిలిప్పోకు పోటీల రుచి కొత్త కాదు. దొనతెల్లో సవాలు విసరడానికి కొన్నేళ్ల ముందు, 1401లో, అతను ఇటలీ శిల్ప చరిత్రలోనే పేరుపడ్డ పోటీలో పాల్గొన్నాడు. నగరంలోని బాప్టిస్టరీకి, అంటే బాప్తిస్మం ఇచ్చే మందిరానికి, కొత్తగా కంచు తలుపులు చేయించాలని కాలిమాలా అనే బట్టల వర్తకుల సంఘం నిశ్చయించింది. చివరి వడపోతలో ఏడుగురు శిల్పులు మిగిలారు. ఒక్కొక్కరికీ కంచు ఇచ్చారు. ఏడాది గడువు పెట్టారు. అబ్రహాము తన కొడుకు ఇస్సాకును బలి ఇవ్వబోయే ఘట్టాన్ని నాలుగు రేకుల పువ్వు ఆకారంలో ఉన్న చట్రంలో ఇమిడేలా పోతపోసి తేవాలన్నారు. తీర్పు చెప్పడానికి 34 మందిని కూర్చోబెట్టారు.

కాగితం మీద చూస్తే ఇంతకంటే న్యాయమైన పోటీ ఉండదు. అందరికీ ఒకే కథ, ఒకే చట్రం, ఒకే లోహం, ఒకే గడువు. చివరికి బరిలో ఇద్దరు నిలిచారు. 24 ఏళ్ల ఫిలిప్పో, దాదాపు అదే వయసున్న లొరెంజో గిబెర్తి. గెలుపు గిబెర్తిది. అయితే ఆ గెలుపు ఎలా వచ్చిందన్నదానికి మూడు కథలున్నాయి.

గిబెర్తి తన పుస్తకంలో రాసుకున్నదాన్ని బట్టి, తీర్పరులూ తోటి పోటీదారులూ ఒక్కరు కూడా కాదనకుండా అతనికే పట్టం కట్టారు. ఫిలిప్పో జీవిత చరిత్ర రాసిన ఆంతోనియో మనెత్తి చెప్పింది వేరు. పోటీ నడుస్తున్నంత కాలం గిబెర్తి పనిలో చేయి తిరిగిన పెద్దలను, రేపు తీర్పు చెప్పడానికి కూర్చోగలవాళ్లను పిలిచి తన మైనపు నమూనా చూపించాడట. వాళ్ల సలహా అడిగి మార్చాడట, మళ్లీ చూపించాడట. ఫిలిప్పో మాత్రం ఎవరికీ చూపించకుండా, ఎవరితోనూ చెప్పకుండా తన పని తాను ముగించుకున్నాడట. తీరా రెండూ పక్కపక్కన పెట్టేసరికి పెద్దలు ఇరకాటంలో పడి, ఇద్దరూ కలిసి చెయ్యండి అన్నారట. ఫిలిప్పో అందుకు ఒప్పుకోలేదట. ఇక వసారి మూడో కథ చెప్పాడు. గిబెర్తి పనే మేలని ఫిలిప్పో, దొనతెల్లో స్వయంగా వెళ్లి సంఘం పెద్దలకు చెప్పారన్నాడు. అప్పటికి దొనతెల్లో పదిహేనేళ్లవాడు కాబట్టి ఈ మూడోదాన్ని అక్షరాలా నమ్మడం కష్టం.

అదృష్టం ఏమిటంటే ఆ రెండు కంచు ఫలకాలూ ఇవాళ్టికీ ఉన్నాయి. ఫ్లోరెన్స్‌లోని బార్జెల్లో మ్యూజియంలో ఎవరైనా చూడవచ్చు. ఫిలిప్పో ఫలకంలో ఊపు ఎక్కువ. తండ్రి చేయి కొడుకు గొంతు మీద ఉంది, దేవదూత వచ్చి ఆ చేతిని గట్టిగా పట్టుకుని ఆపుతున్నాడు. గిబెర్తి ఫలకంలో నాజూకు ఎక్కువ. ఫిలిప్పో బొమ్మలను విడివిడిగా పోతపోసి పలక మీద బిగిస్తే, గిబెర్తి చాలావరకు ఒకే పోతలో తీశాడు. వెనుక భాగం బోలుగా వదిలాడు. తూకం వేస్తే గిబెర్తిది సుమారు 7 కిలోలు తక్కువ. తలుపుకు అలాంటి ఫలకాలు 28 కావాలి. కంచు ఖరీదు తెలిసిన వర్తకులకు ఆ తేడా చిన్నది కాదు.

కాబట్టి గిబెర్తి అనర్హుడని అనలేం. పనితనంలో అతను ఎవరికీ తీసిపోడు. మనెత్తి చెప్పిందే నిజమైతే తప్పు అతని చేతిలో లేదు, తీర్పు చెప్పగలవాళ్లను ముందే పిలిచి చూపించడంలో ఉంది. పని బాగున్నా దారి బాగాలేకపోతే ఏమవుతుందో చూడండి. ఆరు వందల ఏళ్ల తర్వాత కూడా ఆ గెలుపు గురించి మూడు కథలు చెప్పుకోవాల్సి వస్తోంది.

తలుపులు మూసుకున్న నెలలు

ఇప్పుడు స్నేహితుడి సవాలు. ఈసారి కంచు కాదు, కొయ్య. ఈసారీ ఫిలిప్పో తన పద్ధతి మార్చుకోలేదు. ఎవరికీ చెప్పకుండా పని మొదలుపెట్టాడు. మాట అనడం తేలిక, ఆ మాటకు తగ్గట్టు చేసి నిలబడటం కష్టమని అతనికి తెలుసు. దొనతెల్లో బొమ్మను మించకపోతే తన విమర్శకే విలువ లేకుండా పోతుంది.

కొయ్య పని ఓపికను పరీక్షిస్తుంది. మట్టిబొమ్మలో ఎక్కువ తీసేస్తే మళ్లీ అద్దుకోవచ్చు. మైనం కరిగించి మళ్లీ మొదలుపెట్టవచ్చు. కొయ్యలో ఉలి ఒక్క వెంట్రుకవాసి లోతుకు దిగితే ఆ పోయింది పోయినట్టే. పేడు ఏ వైపు పోతోందో చూసుకుంటూ, అడ్డం తిరిగిన చోట చేయి తేలిక చేసుకుంటూ పోవాలి. సరిగా ఆరని కొయ్య చెక్కిన తర్వాత కూడా పగుళ్లు తీస్తుంది.

ఇందులో పనివాడి నిజాయితీకి అసలు పరీక్ష ఇంకొకటి ఉంది. ఆ రోజుల్లో కొయ్య విగ్రహాన్ని కొయ్యగా వదిలేవారు కాదు. సుద్దలో చర్మపు జిగురు కలిపి పూత మీద పూత వేసి, నునుపు చేసి, దాని మీద ఒంటి రంగు, నెత్తురు రంగు వేసేవారు. ఆ పూత దళసరిగా వేస్తే ఉలి చేసిన తప్పులన్నీ దాని కింద దాగిపోతాయి. పక్కటెముక ఒకటి వంకరపోయినా, కండరం ఒకటి చదునైపోయినా సుద్దతో సరిపెట్టవచ్చు. కొన్నవాడికి తెలియదు, మొక్కేవాడికి అసలే తెలియదు. ఆ కింద ఏముందో చెక్కినవాడికి ఒక్కడికే తెలుసు. మంచి పనివాడు పూత పలచగానే చాలు అనిపించేలా కొయ్యలోనే అంతా తీరుస్తాడు.

ఫిలిప్పో చెక్కిన క్రీస్తును చూస్తే అతను ఎక్కడ శ్రమపడ్డాడో తెలుస్తుంది. చాచిన చేతుల కొస నుంచి కొసకు ఎంత వెడల్పో, తల నుంచి పాదాలకు దాదాపు అంతే ఎత్తు, సుమారు 170 సెంటీమీటర్లు. సక్రమంగా ఉన్న మనిషి దేహానికి ఇదే కొలత అని రోమన్ వాస్తుశిల్పి విత్రూవియస్ రాశాడు. సన్నని నడుము, పక్కకు కొద్దిగా తిరిగిన దేహం, వాలిన తల. బాధ ఉంది కాని ఆ బాధ దేహాన్ని వికారం చెయ్యలేదు. తను దొనతెల్లో బొమ్మలో లేదన్నదేదో అదే తెచ్చి చూపించాలని ఫిలిప్పో చేసిన ప్రయత్నం ప్రతి అవయవంలో కనిపిస్తుంది. అందుకు అతనికి ఎన్నో నెలలు పట్టింది.

అంగడి నుంచి ఇంటికి

ఒకనాటి ఉదయం ఫిలిప్పో వెళ్లి దొనతెల్లోను భోజనానికి పిలిచాడు. ఇద్దరూ కలిసి బయలుదేరారు. దారిలో మెర్కాతో వెక్కియో, అంటే పాత అంగడి. ఇప్పుడు అక్కడ రిపబ్లిక్ కూడలి ఉంది. ఫిలిప్పో గుడ్లు, చీజ్, ఇంకా ఏవో కొన్నాడు. అవన్నీ దొనతెల్లో చేతికిచ్చి, నువ్వు ఇంటికి నడుస్తూ ఉండు, నేను వెనకే వచ్చేస్తానన్నాడు.

దొనతెల్లో ఏప్రాన్ కొసలు పైకి ఎత్తిపట్టి, ఆ సరుకులు అందులో వేసుకుని ఇంటికి చేరాడు. లోపల అడుగుపెట్టాడు. ఎదురుగా, చక్కని వెలుతురు పడే చోట, శిలువ మీద క్రీస్తు.

అతను ఆగిపోయాడు. పక్కన ఎవరూ లేరు. ఇది ఎవరు చేశారో, ఎందుకు చేశారో చెప్పేవాళ్లు లేరు. చూస్తూ చూస్తూ ఒళ్లు మరిచాడు. చేతులు వాటంతటవే వదులయ్యాయి. ఏప్రాన్ జారింది. గుడ్లు పగిలాయి, చీజ్ నేల మీద పడింది. అదేదీ అతనికి తెలియలేదు.

వెనకే వచ్చిన ఫిలిప్పో ఆ దృశ్యం చూసి నవ్వాడు. అంతా నేలపాలు చేశావు, ఇప్పుడు మనం ఏం తినాలి అని అడిగాడు. తన మటుకు తనకు ఈ పూట కడుపు నిండిందని, కావలసినవాళ్లు కిందపడినవి ఏరుకోవచ్చని దొనతెల్లో బదులిచ్చాడు. ఆ వెంటనే అసలు మాట అన్నాడు. క్రీస్తును చెక్కే భాగ్యం ఫిలిప్పోకే దక్కిందని, తన వంతుకు వచ్చింది రైతులేనని ఒప్పుకున్నాడు.

ఈ ఘట్టంలో నన్ను ఎక్కువగా ఆకట్టుకునేది గుడ్లు పగలడం కాదు. ఫిలిప్పో ఏర్పాటు చేసిన తీరు. తను పక్కన నిలబడి ఉంటే దొనతెల్లో మర్యాదకు మెచ్చుకోవచ్చు, లేదా పంతానికి పెదవి విరవచ్చు. ఆ రెండు దారులూ మూసేశాడు. శిల్పాన్నీ చూసేవాణ్నీ ఒంటరిగా ఎదురెదురుగా వదిలి తను పక్కకు తప్పుకున్నాడు. ముందుగా ఊరించలేదు, నీ సవాలు గెలిచాను చూడు అనలేదు. ఓడిపోయే మనిషినే న్యాయమూర్తిగా కూర్చోబెట్టాడు. 34 మంది పెద్దల కంటే తన స్నేహితుడి కళ్ల మీద అతనికి ఎక్కువ నమ్మకం. ఆ నమ్మకాన్ని దొనతెల్లో వమ్ము చెయ్యలేదు. ఆ గదిలో అబద్ధం చెబితే పట్టుకునేవాడు లేడు. అయినా నిజమే చెప్పాడు.

ఇందులో నిజమెంత

ఇది జరిగిందని చెప్పే ఒప్పంద పత్రం గాని, రసీదు గాని లేదు. వసారి పుస్తకం తొలిసారి వెలువడింది 1550లో, అంటే సుమారు 140 ఏళ్ల తర్వాత. సంభాషణల్లో అతని సొంత కల్పన ఎంతో కొంత ఉండే ఉంటుంది. కాని రెండు శిల్పాలూ కళ్లెదుట ఉన్నాయి. దొనతెల్లోది శాంతా క్రోచె చర్చిలో ఉంది. ఫిలిప్పోది శాంతా మరియా నొవెల్లా చర్చిలో ఉంది. కళా చరిత్రకారులు మొదటిదాన్ని 1406, 1408 మధ్యనా, రెండోదాన్ని 1410 తర్వాతి ఏళ్లలోనూ చెక్కినట్టు సాధారణంగా లెక్కకడతారు. వసారి చెప్పిన వరుసకు అది సరిపోతుంది. 2022లో ఫ్లోరెన్స్‌లోని స్త్రోజ్జి భవనంలో జరిగిన దొనతెల్లో ప్రదర్శనలో రెండు క్రీస్తు ప్రతిమలనూ ఒకే చోట ఉంచారు. వసారి కథ వింటూ పెరిగిన నగరవాసులు తమ కళ్లతో తామే పోల్చుకున్నారు.

ఒక న్యాయం దొనతెల్లోకు కూడా చెయ్యాలి. అతని క్రీస్తు భుజాల దగ్గర కీళ్లున్నాయి. చేతులు కిందికి మడవవచ్చు. గుడ్ ఫ్రైడే నాడు క్రీస్తును శిలువ మీంచి దించే ఘట్టాన్ని భక్తుల ముందు ప్రదర్శించడానికి వీలుగా అలా చేశారు. శాంతా క్రోచె ఫ్రాన్సిస్కన్ సన్యాసుల చర్చి. పేదల మధ్య తిరిగి బోధించే సంప్రదాయం వారిది. అక్కడికి వచ్చే కూలీలు, బీదాబిక్కీ ముందు ఒక దేహాన్ని శిలువ నుంచి దించుతున్నప్పుడు అది తమలాంటి దేహమే కావాలి. అరమోడ్పు కళ్లు, తెరుచుకున్న నోరు, బరువెక్కిన ఒళ్లు. దొనతెల్లో చెక్కింది రైతునే. తెలిసే చెక్కాడని ఆ బొమ్మ చూసిన నాలాంటివాళ్లకు అనిపిస్తుంది. అందంలో ఫిలిప్పోది మేలని తనే ఒప్పుకున్నంత మాత్రాన దొనతెల్లో పని తక్కువైపోదు.

ఓడిన తర్వాత

ఓడినవాడికి ఒక సులువైన దారి ఉంటుంది. గెలిచినవాడిలా చెయ్యడం మొదలుపెట్టవచ్చు. దొనతెల్లో ఆ పని చెయ్యలేదు. 1438 తేదీతో వెనిస్‌లోని ఫ్రారి చర్చిలో అతని కొయ్య శిల్పం బాప్తిస్మమిచ్చే యోహాను ఉంది. ఎండిన ఒళ్లు, ఎడారి మనిషి. ఆ తర్వాత పోప్లర్ కొయ్యలో చెక్కిన మగ్దలేనా మరియ విగ్రహం మరింత కఠినం. పళ్లు ఊడి, బుగ్గలు పీక్కుపోయి, జుట్టే బట్టగా నిలబడ్డ ముసలి స్త్రీ. 1966లో ఆర్నో నది వరదల్లో తడిసిన ఆ విగ్రహాన్ని బాగుచేస్తుంటే పై పూతల కింద అసలు రంగులు, జుట్టులో బంగారు గీతలు బయటపడ్డాయి. స్నేహితుడి క్రీస్తు ముందు తలవంచిన చెయ్యే తన దారిని వదలకుండా ఇంత దూరం వచ్చింది.

ఆ స్నేహం చివరిదాకా అలాగే ఉందని చెబితే కథ ఇంకా తియ్యగా ఉండేది. అలా జరగలేదు. శాన్ లొరెంజో చర్చిలో ఫిలిప్పో కట్టిన గదికి దొనతెల్లో చేసిన అలంకారాలు ఫిలిప్పోకు నచ్చలేదనీ, ఇద్దరికీ చెడిందనీ మనెత్తి రాశాడు. వాళ్లిద్దరూ దేవతలు కారు, కోపతాపాలున్న పనివాళ్లు. అందుకే ఆ ఒక్క ఉదయానికి అంత విలువ. నిజాయితీ అనేది స్వభావంతో పుట్టే వరమైతే మనలాంటివాళ్లకు ఆశ ఉండదు. అది ఆ పూటకు ఆ మనిషి తీసుకునే నిర్ణయం. కాబట్టే ఎవరైనా తీసుకోవచ్చు.

ఉలి పట్టేవారికి, తీర్పు చెప్పేవారికి

కాలం మారింది. ఇవాళ కంప్యూటర్‌లో గీసిన బొమ్మను సీఎన్‌సీ యంత్రం కొయ్య మీద చెక్కిపెడుతుంది. ఆ యంత్రం వాడటం తప్పు కాదు. దాన్ని చేతిపని అని పోటీకి పంపడం తప్పు. సహాయకుల చేత చెక్కించి తన పేరు ఒక్కటే రాసుకోవడం తప్పు. పగులును రంగు కింద దాచి అతుకు లేదనడం తప్పు. వీటిలో ఏదీ న్యాయనిర్ణేతకు కనబడకపోవచ్చు. దళసరి సుద్ద పూత కింద ఏముందో ఫ్లోరెన్స్‌లో కూడా చెక్కినవాడికే తెలిసేది.

పోటీ నడిపేవాళ్లకు నా మనవి ఒకటే. తీర్పు అయ్యేదాకా పేర్లు కప్పి ఉంచండి. తీర్పరులు పోటీదారుల పనిశాలలకు వెళ్లకుండా చూడండి. ఏది చేత్తో చేశారో, ఏది యంత్రంతో చేశారో, ఎవరెవరు సాయపడ్డారో బొమ్మ పక్కన రాసి పెట్టించండి. ఎందుకు గెలిపించారో నలుగురికీ వినబడేలా చెప్పండి.

పోటీలో దిగే శిల్పులకు ఇంకో మాట. ఈసారి ఓడిపోతే, ఫిర్యాదు రాసే ముందు గెలిచిన బొమ్మ ఎదుట ఒంటరిగా కాసేపు నిలబడండి. అది మీదానికంటే మేలైతే ఆ మాట గెలిచినవాడి మొహం మీదే చెప్పండి. మేలు కాదని మీ కళ్లు నిజంగా చెబితే అప్పుడు ఫిర్యాదు రాయండి. రెండింటిలో ఏది చేసినా మీరు న్యాయం పక్షానే ఉన్నట్టు.